ఎయిర్ రైఫిల్‌కి ఇంట్లో చేసిన చీక్ రెస్ట్: రెండేళ్ల వాడకం తర్వాత

ఎయిర్ రైఫిల్‌కి స్కోప్ (గురి చూసే దుర్బిణి) బిగించిన రోజే ఇబ్బంది మొదలైంది. స్టాక్‌ని, అంటే భుజానికి ఆనించే చెక్క భాగాన్ని, రైఫిల్ మీదే ఉండే మామూలు సైట్ల (గురి గుర్తుల) ఎత్తుకి చేశారు, స్కోప్ దానికంటే పైన కూర్చుంది. కన్ను అందాలంటే తల ఎత్తాలి, అప్పుడు బుగ్గ గాల్లోనే ఉండిపోతుంది. తల కాస్త కదిలినా స్కోప్‌లో గీతలు టార్గెట్ మీద జరిగినట్టు కనిపిస్తాయి.

టేకు ముక్క ఒకటి చిత్రిక పట్టి, ఉప్పు కాగితంతో నున్నగా చేసి, 18 మిల్లీమీటర్ల ఎత్తు వచ్చేలా స్టాక్ మీద రెండు వెల్‌క్రో పట్టీలతో కట్టాను. అదే చీక్ రెస్ట్, బుగ్గ ఆనించే దిమ్మ. స్టాక్‌కి ఒక్క రంధ్రం కూడా వేయలేదు. స్ప్రింగు జోలికి, బ్యారెల్ జోలికి పోలేదు, పోను కూడా. కళ్లు మూసుకుని బుగ్గ ఆనించి, కళ్లు తెరిచి చూస్తే అంచుల్లో నల్లని నీడ లేకుండా స్కోప్ నిండా టార్గెట్! ఆ సంతోషం ఇప్పటికీ అలాగే ఉంది. నూజివీడు దగ్గర మామయ్య మామిడి తోటలో, 10 మీటర్ల దూరం నుంచి, ఐదు పెల్లెట్లూ (చిన్న గుళ్లు) రూపాయి బిళ్లంత చోటులో పడేవి.

మొన్న సంక్రాంతికి అవే పూరీ అంత వెడల్పున చెదిరిపోయాయి. ముందు చీక్ రెస్ట్‌నే అనుమానించి తీసేశాను. పెల్లెట్ల డబ్బా మార్చాను. స్కోప్ పోయిందేమోనని పది రోజులు ఒకటే టెన్షన్. చివరికి గుడ్డతో తుడుస్తుంటే స్టాక్ ముందువైపు స్క్రూ గోటితోనే తిరిగింది. స్ప్రింగు రైఫిల్ పేలగానే మొదట వెనక్కి తంతుంది, ఆ వెంటనే లోపల స్ప్రింగు తోసిన పిస్టన్ ఆగే దెబ్బకి ముందుకి గుంజుతుంది. ఆ కుదుపులకి స్క్రూలు మెల్లగా వదులవుతాయి. బిగించి, స్క్రూ తల మీద నుంచి పక్కన చెక్క మీదికి మా ఆవిడ నెయిల్ పాలిష్‌తో ఒక గీత గీశాను. గీత విరిగినట్టుంటే స్క్రూ కదిలిందని అర్థం. ఇప్పుడు తోటకి వెళ్లగానే ముందు చూసేది ఆ గీతనే.

గురి మొత్తం చీక్ రెస్ట్ వల్లే కుదిరిందని అప్పట్లో అందరికీ చెప్పాను. అందులో సగం ఆ స్క్రూలదే. ఇంకొకటి, బుగ్గ జారకుండా పైన అతికించిన సైకిల్ ట్యూబు ముక్క మే నెల ఎండకి జిగురు జిగురుగా అయిపోయింది. దాన్ని పీకేసి పాత తోలు బెల్టు ముక్క అతికించాక బాగుంది.

నా మెడ పొడుగు కాబట్టి ఈ ఎత్తు నాకు సరిపోయింది. మా అమ్మాయికి మాత్రం కన్ను స్కోప్‌ని దాటి పైకి పోతోంది, తన వంతు రాగానే పట్టీలు ఊడదీస్తుంది. స్కోప్ లేని రైఫిల్‌కైతే దీని అవసరమే రాదు. తన కోసం 10 మిల్లీమీటర్లది ఇంకొకటి చిత్రిక పడుతున్నాను.