టండ్రా మొక్కల కాంతి కొలతకు ఏది మేలు: చేతి స్పెక్ట్రోమీటరా, స్తంభం మీది సెన్సరా?

టండ్రా మొక్కలు మీద పడిన కాంతిలో ఎంత తిప్పి పంపుతున్నాయో నేల దగ్గరే కొలవాలంటే ముఖ్యంగా రెండు దారులున్నాయి. కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసి కొలిచే, చేత్తో పట్టుకుని తిరిగే ఫీల్డ్ స్పెక్ట్రోమీటర్ ఒకటి. చిన్న స్తంభానికి బిగించి సీజనంతా వదిలేసే రెండు బ్యాండ్ల (తరంగదైర్ఘ్యపు పట్టీల) సెన్సర్ల జత ఇంకొకటి.

కాగితం మీద చూస్తే ఎవరైనా స్పెక్ట్రోమీటర్‌కే ఓటేస్తారు. 350 నుంచి 2500 నానోమీటర్ల దాకా వందల బ్యాండ్లలో చదువుతుంది. లైకెన్‌కీ, నాచుకీ, మరుగుజ్జు బిర్చ్ పొదకీ తేడా పట్టిస్తుంది. సెన్సర్‌కి తెలిసింది ఎరుపు, కంటికి కనిపించని నియర్ ఇన్‌ఫ్రారెడ్ మాత్రమే. వాటినుంచి వచ్చేది పచ్చదనం ఎంతో చెప్పే ఎన్‌డీవీఐ అనే ఒక్క అంకె.

అసలు టెన్షన్ ఆకాశంతోనే. అలాస్కాలోని టూలిక్ సరస్సు దగ్గర జూన్ చివర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 45 డిగ్రీల ఎత్తు దాటడు. ఆగస్టుకి ఇంకా దిగిపోతాడు, గడ్డి దుబ్బుల నీడలు సాగుతాయి. స్పెక్ట్రోమీటర్‌తో ముందు పడుతున్న కాంతి ఎంతో తెలియడానికి తెల్ల పలకను, తర్వాత మొక్కలను కొలుస్తారు. ఆ మధ్యలో పల్చటి మబ్బు అడ్డొచ్చినా రీడింగ్ చెడినట్టే. స్తంభం మీద ఒక సెన్సర్ పైకి, ఇంకోటి కిందికి చూస్తూ ఒకేసారి కొలుస్తాయి కాబట్టి మబ్బు దెబ్బ బాగా తగ్గుతుంది. పూర్తిగా పోదు: మబ్బు కమ్మితే నీడలు చెదిరి ఎన్‌డీవీఐ కాస్త కదులుతుంది.

స్పెక్ట్రోమీటర్‌కి సొంత దీపంతో ఆకుకి ఆనించే కాంటాక్ట్ ప్రోబ్ తగిలించి వాడితే ఆకాశంతో పనే లేదు. గాలిలోని నీటి ఆవిరి ఎండను మింగేసే 1400, 1900 నానోమీటర్ల దగ్గర కూడా రీడింగ్ వస్తుంది. కానీ అది ఆ ఆకు కథే. ఈ కొలతలతో పోల్చాల్సిన ఉపగ్రహం చూసేది ఎండుటాకులు, నీడలు, తడి నేల అన్నీ కలిసిన దృశ్యాన్ని.

సెన్సర్‌కీ లోపాలున్నాయి. కదలదు కాబట్టి సీజనంతా చూసేది ఒకే మడి. నేల గడ్డకట్టి కరిగేటప్పుడు స్తంభం ఒరుగుతుంది, ఆ సంగతి డేటా చూస్తే వెంటనే తెలియదు. స్పెక్ట్రోమీటర్‌ని 25 డిగ్రీల చూపుతో మీటరు ఎత్తున పట్టుకుంటే కనిపించేది సుమారు 44 సెంటీమీటర్ల వృత్తమే అయినా, దాన్ని పట్టుకుని నడవొచ్చు. సెంటినెల్-2 ఉపగ్రహం చిత్రంలో ఒక్కో పిక్సెల్ 10 మీటర్లది. దానితో పోల్చాలంటే నడవక తప్పదు.

నన్నడిగితే, పచ్చదనం ఎప్పుడు మొదలైందన్నదే ప్రశ్న అయితే సెన్సరే మేలు. మంచు తొలగగానే నాచు వల్ల అంకె లేస్తుంది, పొదల ఆకులు తర్వాత వస్తాయి. ఆ క్రమాన్ని ఎప్పుడో ఒకసారి వెళ్లి కొలిచేవాళ్లు పట్టుకోలేరు. ఏ మొక్కలున్నాయన్నది ప్రశ్న అయితే స్పెక్ట్రోమీటర్. వందల బ్యాండ్లు మోసుకెళ్లి, చివరికి ఎన్‌డీవీఐ ఒక్కటే లెక్కగట్టే ఉద్దేశం ఉంటే మాత్రం ఆ బరువు దండగ.