స్లిమ్ దొర పుస్తకానికి కొత్త అట్ట

నల్లగొండ గడియారం సెంటర్ నుంచి నడిచిపోయేంత దూరంల, ఒక గల్లీల ఉన్న బైండింగ్ దుకాణం ఇది. బోర్డు లేదు. చాచా ఒక్కడే పనిచేస్తడు.

నేను ఇచ్చింది ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పుస్తకం. ఫీల్డ్ మార్షల్ విలియం స్లిమ్ బర్మా యుద్ధం గురించి 1956ల రాసుకున్నది. వీపు ఊడితే అంతకుముందు ఇంకోచోట ఇచ్చిన. పక్క నుంచి దబ్బనంతో పొడిచి కుట్టి, గమ్ము దట్టంగ పూసిండ్రు. లోపలి అంచు అక్షరాలన్నీ కుట్టుల పోయినయి. అండ్ల మలేరియా పేజీలు కూడ ఉన్నయి. నేను ఆర్మీ మెడికల్ కోర్ల నర్సింగ్ అసిస్టెంట్‌గ చేసినోన్ని, నాకు కావాల్సినయే అవి!

1943ల గాయపడి వెనక్కి పోయిన ఒక్కొక్కనికి, జబ్బుపడి పోయినోళ్లు 120 మంది. అప్పుడు స్లిమ్, మెపాక్రిన్ అనే మలేరియా గోలీ మింగించే పూచీని పటాలం ఆఫీసర్ల మీద పెట్టిండు. చెప్పాపెట్టకుండ తనిఖీ చేయించి, మందు సరిగ్గ మింగని పటాలం కమాండర్‌ను తీసేసేటోడు. ముగ్గురి కొలువు పోయినంక మిగిలినోళ్లకు సమజైందట. గోలీ నాలుక కింద పెట్టుకొని, నేను పక్కకు తిరగంగనే ఉమ్మేసిన జవాన్లు నాకు ఇంకా యాదికున్నరు.

"ఎవరు హవల్దార్ సాబ్ ఈయన?" అని చాచా అడిగిండు. ఇనుప సామాన్ల వ్యాపారి కొడుకు, బర్మింగ్‌హామ్‌ల బడిపంతులుగ, గుమస్తాగ చేసిండు అన్న. 1914ల యుద్ధమొస్తే ఆఫీసరైండు, టర్కీ దిక్కు గల్లిపోలిల, ఇప్పటి ఇరాక్ అయిన మెసపొటేమియాల గాయపడ్డడు, తర్వాత గూర్ఖాలల్ల చేరిండు. జీతం చాలక మిల్స్ అని, ఇంటిపేరు తిరగేసి పత్రికలకు కథలు రాసిండు. "అయితే మన లెక్కనే" అన్నడు చాచా. 1942ల జపానోళ్ల చేతిల ఓడి బర్మా నుంచి వెనక్కి నడిచిన సైన్యాన్ని, 1944ల ఇంఫాల్, కోహిమాల గెలిపిచ్చిండు. రిటైరై రైల్వేల కొలువు చేసుకుంటుంటే పిలిచి, 1948ల బ్రిటిష్ సైన్యం మొత్తానికే పెద్దను చేసిండ్రు. అప్పటి బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ ఆఫీసర్‌కు ఆ కుర్చీ దక్కుడు అదే మొదలు.

ఇగ పని సంగతి. తడిగుడ్డ వేసి పాత గమ్మును నానబెట్టి, గోటితో గీకి తీసిండు. ఫారం ఫారం (మడిచిన కాగితాల కట్టలు) విడదీసి, చిరిగిన మడతలకు పల్చటి కాగితం అతికి, మడతల నడుమ నుంచి కట్టకు కట్ట కలిపే జుజ్‌బందీ కుట్టు వేసిండు. మైదా లయ్యిల మైలుతుత్తం కలిపిండు, పురుగు పట్టదట. ఇప్పుడు పుస్తకం బల్ల మీద పరిస్తే వెల్లకిల పడుకుంటది. ఆ 120 అంకె పక్కన సూది రంధ్రాలు మాత్రం అట్లనే ఉన్నయి, పోనీ.

ఒక్క స్టార్ ఎందుకు తగ్గించిన్నంటే, మడత పెట్టిన బర్మా పటాన్ని మరీ లోపలికి కుట్టిండు. మాండలే దాక తెరుచుకుంటది, రంగూన్ చూడాలంటే చింపాల్సిందే. అడిగితే "రంగూన్ పోయి ఏం చేస్తవ్ సాబ్" అని నవ్విండు. మూడు రోజులన్న పని పదకొండు రోజులైంది. 280 రూపాయలు తీసుకున్నడు, దానికి పేచీ లేదు.

మీ పుస్తకంల పటాలుంటే ఇచ్చేటప్పుడే విప్పి చూపియ్యండి. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూసేస్తడు, రెండున్నర దాటినంక పోండి.