తిరుపతి ఇంట్లో షాపు గ్రైండర్: మాజర్ సూపర్ జాలీని ఏళ్లుగా వాడాక

ఎస్ప్రెస్సో (ఒత్తిడితో నీళ్లు పంపి తీసే చిక్కటి కాఫీ) కోసం పెద్ద గ్రైండర్ కొనాలా వద్దా అని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది ఒక్కటే. మీ ఇంట్లో ఎన్ని రకాల కాఫీ తాగుతారు? ఎస్ప్రెస్సో ఒక్కటే అయితే, కాఫీ షాపుల్లో వాడే గ్రైండర్ సెకండ్ హ్యాండ్‌లో మంచిది దొరికితే వెనకాడకండి. మా ఇంట్లోలాగా అమ్మానాన్నలకు ఫిల్టర్ కాఫీ, నాకూ మా ఆవిడకూ ఎస్ప్రెస్సో అయితే మాత్రం ఇదంతా చదివి తేల్చుకోండి.

నా దగ్గరున్నది మాజర్ సూపర్ జాలీ, డోసర్ (ఆడిన పొడి పడే డబ్బా, లివర్ లాగితే కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది) ఉన్న పాత మోడల్. మాజర్ 1948లో వెనిస్‌లో మొదలైన ఇటలీ కంపెనీ. కొత్తది కొనే స్తోమత లేక, బెంగళూరులో మూసేసిన ఒక కాఫీ షాపు సామాన్లు అమ్ముతుంటే కొన్నాను. గింజల్ని నలిపే 64 మిల్లీమీటర్ల ఫ్లాట్ బర్లు (పళ్లున్న ఉక్కు బిళ్లలు), 350 వాట్ల మోటారు, దాదాపు 14 కిలోల బరువు. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద బర్లు నిమిషానికి 1400 చుట్లు తిరుగుతాయి. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి అక్కడ 1600. అందుకే అక్కడివాళ్లు ఇన్ని సెకన్లలో ఇంత పొడి అని చెప్పే లెక్క మన ఇళ్లలో కుదరదు. సెకన్లు వదిలేసి, గ్రాములు తూచుకోవాలి.

పైన గింజలు పోసే హాపర్‌తో కలిపి ఎత్తు రెండడుగులు. వంట గట్టు మీద అల్మారాలుంటే దాని కింద పట్టదు. కొనకముందే టేపు పెట్టి కొలుచుకోండి.

ఇంత బరువైన యంత్రం ఇంటికెందుకన్నది నాన్న మొదటి ప్రశ్న. ఫిల్టర్‌లో పొడి కొంచెం అటూ ఇటూ ఉన్నా ఫర్వాలేదు, డికాక్షన్ దాని పాటికి అది చుక్కచుక్కగా దిగుతుంది. ఎస్ప్రెస్సోలో అలా కాదు. 9 బార్ల ఒత్తిడితో వచ్చే నీళ్లు 18 గ్రాముల పొడిలోంచి పాతిక ముప్పై సెకన్లలో దిగాలి. పొడి ఒకచోట వదులుగా ఉంటే నీళ్లన్నీ ఆ సందులోంచే పారిపోతాయి. అప్పుడు ఒకే గుక్కలో పులుపూ చేదూ రెండూ తగులుతాయి. అంతకుముందు నేను వాడిన చిన్న గ్రైండర్ ముదురు రోస్ట్‌తో ఎలాగో నెట్టుకొచ్చేది. లేత రోస్ట్ గింజలు గట్టిగా ఉంటాయి కదా, అరకు అరబికా లేతగా వేయించింది తెచ్చి పోస్తే మూలిగి మధ్యలోనే ఆగిపోయేది. సూపర్ జాలీకి ఆ తేడా పట్టదు. చిక్కమగళూరు పీబెర్రీ (పండుకు ఒకే గింజ ఉండే రకం) అయినా, అరకు అయినా ఒకే గొంతుతో ఆడుతుంది. ఆ గొంతు కూడా మిక్సీలా చెవులు చిల్లులు పడేలా ఉండదు. తెల్లవారుజామున ఆడించినా పక్క గదిలో పిల్లలు లేవరు.

ఇక అసలు సమస్య. ఈ తరగతి గ్రైండర్లన్నీ పొద్దస్తమానం ఆడే షాపుల కోసం కట్టినవి. బర్ల చుట్టూ, పొడి దిగే గొట్టంలో, డోసర్ మూలల్లో కొన్ని గ్రాముల పొడి ఎప్పుడూ నిలిచిపోతుంది. షాపులో ఒక కప్పు వెనక ఇంకో కప్పు పోతూనే ఉంటుంది కాబట్టి ఆ పొడి నిమిషాల్లో వెళ్లిపోతుంది. ఇంట్లో రాత్రంతా అక్కడే ఉండి, పొద్దున మొదటి షాట్‌లో, అంటే మొదట తీసే ఎస్ప్రెస్సోలో, కలుస్తుంది. రోహిణి కార్తెలో తిరుపతి వేడికి ఆ పొడి వాసన ఎలా మారుతుందో ఒక్కసారి తాగితే అర్థమవుతుంది. అందుకని పొద్దున ముందు కాసిని గింజలు ఆడించి ఆ పొడి పక్కకు తీసేస్తాను. తర్వాత 18 గ్రాములు తూచి, అవే పోస్తాను. డోసర్ లివర్ టకటకా లాగి, పొడి రావడం ఆగాక చిన్న బ్రష్‌తో గొట్టం ఊడుస్తాను. హాపర్ నిండా గింజలు పోసి ఉంచడం ఎప్పుడో మానేశాను.

గింజలు కొద్దిగానే పోస్తే ఇంకో చిక్కుంది. పైన బరువు లేక చివరి గింజలు బర్ల మీద ఎగిరెగిరి పడతాయి, పొడి సైజు మారుతుంది. హాపర్ మూతి లోపల పట్టేంత గుండ్రటి స్టీలు దిమ్మ ఒకటి లేత్ వర్క్స్‌లో చేయించి, గింజల మీద పెడుతున్నాను. ఎండాకాలం పొడి బారిన గాలికి స్టాటిక్ (స్థిర విద్యుత్తు) పుట్టి పొడి గొట్టానికీ డోసర్ గోడలకూ అంటుకుంటుంది. గింజల మీద ఒక్క చుక్క నీళ్లు చల్లి కలిపితే ఆ బాధ చాలావరకు పోతుంది. ఇది ఇళ్లలో పుట్టిన చిట్కాయే అయినా, అమెరికాలోని ఒరెగాన్ యూనివర్సిటీ వాళ్లు 2023లో అచ్చయిన పరిశోధనలో గింజలోని తేమకూ స్టాటిక్‌కూ సంబంధం చూపించారు. నవంబరు తుపాను వానల్లో ఈ చుక్క అక్కర్లేదు. అప్పుడు షాట్ నత్తనడక నడుస్తుంది, పొడి సన్నంగానో ముతకగానో వచ్చేలా తిప్పే కాలర్‌ను ఒక వెంట్రుకవాసి వదులు చేయాలి.

అమ్మ సంగతికొస్తాను. తెచ్చిన వారంలోనే అడిగింది, "నాయనా, ఇంత మెషీను పెట్టుకోని మన పొడి ఇంకా బజారులో పట్టించేదేంది?" న్యాయమైన మాటే. కానీ ఎస్ప్రెస్సో గ్రైండ్ నుంచి ఫిల్టర్ గ్రైండ్‌కు కాలర్ తిప్పిన ప్రతిసారీ లోపలున్న సన్నపొడి ముందు బయటికి రావాలి. మళ్లీ వెనక్కి తిప్పితే ఈసారి ముతకపొడి. రోజూ ఇలా చేస్తే గింజలు దండగ. వారానికి సరిపడా ఒకేసారి ఆడిస్తే మూడో రోజు దాటాక డబ్బా మూత తీసి, వాసన చూసి, "సచ్చిపోయింది" అనేది అమ్మ. ఇప్పుడు వారానికి రెండుసార్లు ఆడిస్తున్నాం. చికోరీ గ్రైండర్‌లో వేయం, పొడి వచ్చాకే కలుపుతాం. బజారు పొడిలో చికోరీ 49 శాతం దాకా ఉండొచ్చని చట్టమే ఒప్పుకుంటుంది. ఇంట్లో అమ్మ ఐదోవంతు దాటనివ్వదు. పొద్దున నేను పక్కకు తీసే సన్నపొడి కూడా అమ్మ డబ్బాలోకే వెళ్తుంది. ఒకటి రెండు స్పూన్లయితే డికాక్షన్ చిక్కబడుతుంది. ఎక్కువైతే ఫిల్టర్ చిల్లులు మూసుకుపోయి, తెల్లారినా డికాక్షన్ దిగదు.

కరెంటు పోయినప్పుడు దీన్ని ఇన్వర్టర్ మీద వేయకండి. 350 వాట్లే కదా అనిపిస్తుంది గానీ, మోటారు కదిలే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది. మా ఇన్వర్టర్ ఓవర్‌లోడ్ అని కూతపెట్టి ఆగిపోయింది.

ఒకరోజు స్విచ్ వేస్తే మోటారు గుయ్‌మంటోంది, తిరగదు. ఇటలీ మెషీను, ఇప్పుడు ఎవరి దగ్గరికి మోసుకెళ్లాలా అని టెన్షన్ పడ్డాను. మా వీధి చివర పంపుసెట్లకూ వెట్ గ్రైండర్లకూ వైండింగ్ చేసే అన్న అడుగు పలక విప్పి, "కెపాసిటర్ పోయుండాది సార్, మోటారుకేం గాలేదు" అన్నాడు. మీటర్ పెట్టి చూపించి, అదే విలువది తన డబ్బాలోంచి తీసి వేశాడు. సాయంత్రానికి కాఫీ తాగాం. ఈ మెషీన్ మీద నాకున్న ఇష్టంలో సగం ఇక్కడిదే. లోపల సర్క్యూట్ బోర్డూ లేదు, తెరా లేదు. ఒక ఇండక్షన్ మోటారు, ఒక కెపాసిటర్, ఒక స్విచ్. మన ఊళ్లో చేతిపనివాళ్లకు తెలియనిది ఇందులో ఏదీ లేదు.

శుభ్రం చేయడం కష్టమేం కాదు, ఓపిక కావాలి. ప్లగ్ పీకి, హాపర్ తీసి, కాలర్ పూర్తిగా విప్పితే పై బర్ ఊడి వస్తుంది. దాని కింద మూడు స్ప్రింగులుంటాయి, ఎగిరి పొయ్యి కిందికి దొర్లకుండా చూసుకోవాలి. కాలర్ మరల్లో ఇరుక్కున్న పొడిని పాత టూత్ బ్రష్‌తో తీయాలి. అది వదిలేసి బిగిస్తే మర తప్పుతుంది, మర పాడైతే బాగుచేయడం చాలా కష్టం. బియ్యం పోసి ఆడిస్తే శుభ్రమవుతుందని కొందరంటారు, నేను చచ్చినా పోయను. గింజల్లో రాళ్లు మాత్రం ప్రతిసారీ చూసుకోండి. ఒక్క చిన్న రాయి బర్ అంచును కొరికేస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు అమ్మేవాళ్ల ముందే కాలర్ విప్పించి బర్ చూడండి. అంచు మీద గోరు అడ్డంగా గీస్తే చురుక్కున పట్టాలి. జారిపోతే బర్లు అరిగినట్టే, కొత్త జత ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. గింజలు లేకుండా ఒకసారి ఆన్ చేయించండి. సన్నటి ఒకే మోత రావాలి, గరగరమంటే బేరింగులు పోయినట్టు. కాలర్‌ను ఒక చేత్తో ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి చూడండి. మధ్యలో ఎక్కడైనా బిగుసుకుంటే, ధర ఎంత తగ్గించినా వదిలేసి వచ్చేయండి.