దంపతుల క్లాసు: మూడో శనివారం ఒక్కటి చాలు

ఏడో నెలలో, మేం చూపించుకునే హాస్పిటల్‌లోనే నాలుగు శనివారాల దంపతుల క్లాసు ఉందంటే చేరాం (పేరెందుకు లెండి). మొదటి రెండు వారాలూ ఊపిరి వ్యాయామాలు, డైపర్ మార్చడం. అవి యూట్యూబ్‌లోనూ దొరుకుతాయి.

అసలు సరుకు మూడో క్లాసులో ఉంది. పసిబిడ్డకి రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు పట్టాల్సి వస్తుందని చెప్పి, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా గంటగంటకీ గళ్లు గీసిన కాగితం ఇచ్చి, ఎవరేం చేస్తారో విడివిడిగా రాయమన్నారు. మా ఆయన రెండు గళ్లలో "సాయం" అని రాశాడు, అంతే, మిగతావన్నీ ఖాళీ! ఇంటికొచ్చేదాకా కారులో దాని మీదే గొడవ, కానీ పాప పుట్టాక పడాల్సిన గొడవ ముందే అయిపోయింది కదా.

కాన్పయ్యాక తల్లికి ఏడుపూ దిగులూ రెండు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టరుకి చెప్పాలంటూ, ఆ దిగులుని కనిపెట్టే ఎడిన్‌బరా స్కేల్ అనే 10 ప్రశ్నల ఫారం గురించి భర్తలకే ప్రత్యేకంగా చెప్పారు. ఇది బాగా నచ్చింది.

నచ్చనిది, పురుడు పుట్టింట్లో పోసుకునే వాళ్ల సంగతే క్లాసు చెప్పేవాళ్లకి పట్టలేదు. నేను రాజమండ్రిలో, ఆయన హైదరాబాద్‌లో, వచ్చేది శని, ఆదివారాలే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగమైతే తండ్రికి 15 రోజుల సెలవైనా ఉంటుంది, మా ఆయనది ప్రైవేటు. రాత్రిళ్లు పాపని ఎత్తుకున్నది మా అమ్మ, ఆ కాగితంలో ఆవిడకి గడే లేదు. అడిగితే వీడియో కాల్ చేసుకోమన్నారు.

ఐదుకి మూడున్నర.