టైటానియం గ్రైండింగ్‌కి మిస్ట్ కిట్: చాన్నాళ్లు వాడాక

బాలానగర్‌లో సర్ఫేస్ గ్రైండింగ్ (తిరిగే రాపిడి చక్రంతో, అంటే వీల్‌తో, లోహం పైభాగాన్ని చదునుగా అరగదీయడం) జాబ్‌వర్క్ మాది. గ్రేడ్ 5 టైటానియం (అల్యూమినియం, వెనేడియం కలిపిన మిశ్రమం) ముక్కలు తరచూ వస్తుంటాయి. వీల్ సంగతి ముందే చెప్పేస్తా. స్టీలుకి వాడే వైట్ (అల్యూమినియం ఆక్సైడ్) వీల్‌కి లోహం అతుక్కుపోయి, నాలుగు పాస్‌లకే వీల్ మొహం మెరుస్తుంది. గ్రీన్ (సిలికాన్ కార్బైడ్) వీలే నయం. 200 మి.మీ. వీల్ 2800 ఆర్‌పీఎంలో తిరిగితే దాని అంచు వేగం సెకనుకు 29 మీటర్లు. టైటానియానికి అది ఎక్కువ. వేగం తగ్గించే డ్రైవ్ పెట్టించి 20కి దించాక చప్పుడే మారిపోయింది.

నా గొడవంతా మిస్ట్ కిట్‌తోనే. చల్లబరిచే ద్రవం (కూలెంట్) ధారకి బదులు, కాస్త నూనెని గాలితో కలిపి తుంపరగా కొట్టే పరికరం అది. గంటకు వంద మిల్లీలీటర్ల నూనె కూడా పట్టదు, కూలెంట్ ట్యాంకు కడిగే బాధ ఉండదు అని అమ్మినవాళ్లు అన్నారు. నేల తడవదు, జాబ్ కళ్లకు కనబడుతుంది, నచ్చింది. 5 మైక్రాన్ల ఫినిషింగ్ కట్‌కి ఇప్పటికీ తప్పు పట్టను. ఎక్కువ లోహం తీసే రఫింగ్‌లోనే దాని అసలు రంగు బయటపడింది. ఆ కాస్త నూనె జారుడునిస్తుంది గానీ వేడిని లాక్కెళ్లదు. టైటానియంలోకి వేడి తొందరగా దిగదు, రాపిడి జరిగే చోటే పోగవుతుంది. జాబ్‌ని ట్యూబ్‌లైటు కింద తిప్పి చూస్తే ఒక మూల ఎండుగడ్డి రంగు, పక్కనే నీలం. రుద్దితే రంగు పోతుంది, లోపల మిగిలిన ఒత్తిడి పోదు. లాటంతా వెనక్కొచ్చింది.

అంతకన్నా భయపెట్టింది నిప్పు. టైటానియం రవ్వలు తెల్లగా, కళ్లు చెదిరేలా లేస్తాయి. నూనెకి తడిసిన పొడి గార్డు వెనక పేరుకుని ఓ సాయంత్రం భగ్గుమంది. కుర్రాడు నీళ్ల బకెట్ ఎత్తాడు. ‘నీళ్లొద్దురా, ఇసక!’ అని అరిచాను. మండే టైటానియం మీద నీళ్లు పడితే హైడ్రోజన్ పుట్టి మంట ఇంకా ఎగుస్తుంది. పొడి ఇసక కప్పేశాం.

మళ్లీ కూలెంట్ ధారకే వచ్చా. వీల్‌తో పాటు తిరిగే గాలి ఆ ధారని పక్కకి తోసేస్తుంది. నాజిల్ మూతిని వీల్, జాబ్ కలిసేచోటికి దించి, పైన చిన్న రేకు అడ్డం పెట్టాక మచ్చలు ఆగాయి. ట్యాంకు అడుగున చేరే బురదని మాత్రం ఆరనివ్వకూడదు.

గ్రీన్ వీల్ కూడా త్వరగా అరుగుతుంది, మూల నిలబడదు. షోల్డర్ (మెట్టు) ఉన్న జాబ్ వస్తే సగం పూట డ్రెస్సింగ్‌కే, అంటే వీల్ మొహం చెక్కి సరిచేయడానికే. ఒకే సైజులో పెద్ద లాట్లు, కూలెంట్‌గా ఆయిల్ వాడే మెషిన్ ఉన్నవాళ్లకి సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్) వీల్ లెక్క కుదరొచ్చు. నాకొచ్చేవి పదీ పరకా. మిస్ట్ కిట్ అమ్మలేదు. స్టీలు ఫినిషింగ్‌కి వాడుతున్నా.