బూచి కోసం కొన్న స్నఫుల్ మ్యాట్: నాలుగు నెలల వాడకం తర్వాత

మా కుక్క పేరు బూచి. పేరు పెట్టింది మా అక్క కొడుకు. పిల్లల్ని జడిపించే పేరు పెట్టుకుని ఇది మాత్రం చీపురు చూసినా, గాలికి ప్లాస్టిక్ కవర్ కదిలినా మంచం కింద దూరేది. మా ఇంటికి వచ్చేసరికే ఏడాదిన్నర వయసు. కుక్కపిల్ల లోకానికి తేలిగ్గా అలవాటుపడేది సుమారు 3 వారాల నుంచి 14 వారాల వయసు మధ్యలో. ఆ రోజుల్లో బూచి ఎక్కడుందో, ఎవరేం చేశారో మాకు తెలీదు.

దీని కోసం కొన్న వాటిలో ఇప్పటికీ రోజూ వాడుతున్నది ఈ స్నఫుల్ మ్యాట్ ఒక్కటే. ఎప్పుడూ చూడనివాళ్లకి చెప్పాలంటే, చిల్లులున్న రబ్బరు షీటుకి మెత్తటి గుడ్డ పీలికలు దట్టంగా ముడివేసి ఉంటాయి. చూడ్డానికి గుబురుగా పెరిగిన గడ్డిలా ఉంటుంది. పీలికల మధ్య డ్రై ఫుడ్ గింజలు చల్లితే కుక్క ముక్కుతో వెతుక్కుని తింటుంది. నాది మూరెడు పొడవు, అంతకంటే కాస్త తక్కువ వెడల్పు.

మొదటి రోజే బెడిసికొట్టింది. హాలు మధ్యలో టైల్స్ మీద పరిచాను. బూచి పావుగంట దూరం నుంచి చూసి, మెడ సాచి, వెనక కాళ్లు మాత్రం పారిపోవడానికి సిద్ధంగా ఉంచుకుని, ఒక్క గింజ కోసం మూతి పెట్టింది. మ్యాట్ సర్రున జారి సోఫా కాలికి కొట్టుకుంది. అంతే, మళ్లీ సాయంత్రం దాకా మంచం కిందే. జారదని ప్యాకెట్ మీద పెద్ద అక్షరాలతో రాసుంది. టైల్స్ మీద మాత్రం శుభ్రంగా జారుతుంది. పాత యోగా మ్యాట్ ముక్క ఒకటి కత్తిరించి అడుగున వేశాక కదలడం మానేసింది. ఐదు స్టార్లలో ఒకటి అక్కడే కోసేశాను.

అసలు తప్పు నాది. ఇంటి మధ్యలో పెట్టి రమ్మంటే అది ఎలా వస్తుంది? రెండో విడత మంచం అంచున పెట్టాను, సగం లోపల, సగం బయట. పెట్టేసి గదిలోంచి వెళ్లిపోయాను. ఐదు రోజులు నేను లేనప్పుడే తినింది. ఆరో రోజు నేను తలుపు దగ్గర కూర్చుని ఉండగా తినింది. అప్పట్నుంచి రెండు మూడు రోజులకోసారి జానెడు చొప్పున బయటికి జరుపుతూ వచ్చాను. వెనక్కి తగ్గిన రోజు మళ్లీ పాత చోటికే. మంచం నుంచి హాలు దాకా రావడానికి ఆరు వారాలు పట్టింది. మా నాన్న రోజూ ‘ఇవాళ ఎంత దూరం?’ అని అడిగేవారు, క్రికెట్ స్కోరు అడిగినట్టు.

ఇక మిక్సీ. బూచికి అన్నిటికంటే పెద్ద శత్రువు అది. గింజలు చల్లి, అది తింటుండగా దూరంగా మిక్సీ వేస్తే అలవాటైపోతుందనుకున్నాను. నాలుగు రోజులకి మ్యాట్ కనిపిస్తే చాలు వణకడం మొదలుపెట్టింది. డాక్టరుగారికి చెబితే నవ్వి, ‘మీరు తిండిని ప్రమాద సూచికగా మార్చేశారమ్మా. చప్పుడు ముందు, తిండి వెనక’ అన్నారు. పావ్లోవ్ కుక్కల గురించి స్కూల్లో పరీక్ష రాసి మార్కులు కూడా తెచ్చుకున్నదాన్ని. గంట మోగడం ముందు, తిండి తర్వాత. ఇంట్లో నిజం కుక్క ఉంటే మాత్రం గుర్తుకు రాలేదు.

మ్యాట్ మీద బెదురు పోవడానికే పది రోజులు పోయాయి. ఆ తర్వాత, తలుపు మూసిన వంటగదిలో రెండు సెకన్లు మిక్సీ తిప్పడం, ఆగిన వెంటనే మ్యాట్ మీద ఉడికించిన చికెన్ ముక్కలు చల్లడం. మామూలు గింజలు కావు, చికెనే, అదీ ఆ చప్పుడు వచ్చినప్పుడు మాత్రమే. రోజుకి మూడు సార్లకి మించి చేయలేదు. మూడో వారంలో ఒకరోజు మిక్సీ ఆగగానే బూచి మంచం వైపు కాకుండా మ్యాట్ వైపు చూసింది. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

ఈ మ్యాట్ నాకు ఎక్కువగా పనికొచ్చింది థర్మామీటర్‌లాగానే. భయం ఎక్కువైతే కుక్క తినదు. చికెన్ కూడా ముట్టకపోతే చప్పుడు ఎక్కువైందనో, దగ్గరైందనో అర్థం. ఆ రోజుకి ఆపేసి, మర్నాడు ఇంకా దూరం నుంచి మొదలుపెట్టాలి. తిండి మానేదాకా కూడా ఆగక్కర్లేదు. అది వెతికే తీరు చూస్తే చాలు. నిమ్మళంగా ఉంటే ముక్కు పీలికల్లోకి లోతుగా పెట్టి బుస్సుబుస్సుమని వెతుకుతుంది. టెన్షన్‌లో ఉంటే పైపైన రెండు గింజలు లాక్కుని తలెత్తుతుంది, పెదాలు నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది, తల తిప్పకుండా కళ్ల తెల్లభాగం కనపడేలా పక్కకి చూస్తుంది. ఇవన్నీ ఇంతకుముందూ చేసేది. ‘పాపం, నిద్రొస్తోంది’ అనుకునేదాన్ని.

మ్యాట్ కంటే ముందు ఒక ట్రైనర్‌ని పిలిచాం. పేరు అనవసరం. వచ్చీ రాగానే బెల్టు వేసి బూచిని మంచం కిందనుంచి ఈడ్చి హాల్లో నిలబెట్టి, ‘అలవాటైతే భయం అదే పోతుంది’ అన్నాడు. బూచి కదల్లేదు. నిలబడ్డ చోటే మూత్రం పోసేసింది. ‘చూశారా, గొడవ చేయట్లేదు’ అన్నాడాయన. అది ధైర్యం కాదని, పారిపోయే దారి లేక కొయ్యబారిపోవడమని డాక్టరుగారు తర్వాత చెప్పారు. అమెరికాలో జంతువుల ప్రవర్తన మీద పనిచేసే పశువైద్యుల సంఘం 2021లోనే కుక్కలకి ఏదైనా నేర్పడానికి బహుమతి ఇచ్చే పద్ధతులు తప్ప వేరేవి వాడొద్దని ప్రకటించింది. ముందే చదివి ఉంటే ఆయన్ని గుమ్మంలోనే పంపించేదాన్ని.

వణికే కుక్కని నిమిరితే భయం ఇంకా పెరుగుతుందని కూడా ఆయనే చెప్పి వెళ్లాడు. రెండు నెలలు గుండె రాయి చేసుకుని ముట్టుకోలేదు. అదీ తప్పేనట. భయం అనేది ముద్దు చేస్తే నేర్చుకునే అల్లరి కాదు కదా. అది తనంతట వచ్చి ఆనుకుంటే నిమరొచ్చు, మనం వెళ్లి మీద పడకూడదు. ఈ ఒక్క విషయంలో ఆయన మీద కోపం ఇంకా చల్లారలేదు.

ఒంటికి బిగుతుగా చుట్టే జాకెట్ కూడా కొన్నాం. కొన్ని కుక్కలకి నెమ్మది ఇస్తుందంటారు. బూచి వేసుకుని విగ్రహంలా నిలబడింది. తీసేశాం.

అక్క వచ్చినప్పుడు మ్యాట్‌ని ఆమెకి దూరంగా, బూచికీ మంచానికీ మధ్య దారిలో వేస్తాం. ‘దాని వంక చూడకే, చెయ్యి చాపకే’ అని ముందే చెప్పి కూర్చోబెడతా. అక్క మాట్లాడుతూనే అప్పుడప్పుడూ ఒక ముక్క బూచి వెనక పడేలా విసురుతుంది. ముక్క కోసం వెనక్కి వెళ్తుంది, కావాలంటే తిరిగి వస్తుంది. పోయినసారి అక్క పాదం వాసన చూసి వెళ్లింది. కాలు కదపకుండా కూర్చోవడానికి అక్క పడ్డ అవస్థ చూడాలి.

కొనేవాళ్లకి రెండు మాటలు. కుక్కని మ్యాట్‌తో ఒంటరిగా వదలొద్దు, మొదట్లో నేను వదిలినట్టు. పీలికలు ఊడతాయి, కొన్ని కుక్కలు నమిలి మింగేస్తాయి, గుడ్డ పేగుల్లో అడ్డం పడితే ఆపరేషన్ దాకా పోతుంది. పని అవగానే తీసి దాచండి. ఉతకడం పెద్ద చాకిరీ. చికెన్ వాడితే వారానికోసారి తప్పదు, ఆరడానికి రెండు రోజులు, సరిగా ఆరకపోతే ముక్కిపోయిన వాసన. బొద్దుగా ఉన్న కుక్కయితే మ్యాట్ మీద వేసింది గిన్నెలోంచి తగ్గించండి, లేకపోతే ధైర్యంతో పాటు బరువూ వస్తుంది. ఉన్నట్టుండి చప్పుళ్లకి బెదరడం మొదలైతే మాత్రం ముందు డాక్టరుకి చూపించండి. ఒంట్లో నొప్పులున్నా అలా అవుతుంది. మా బూచికి చెవులు, కీళ్లు అన్నీ చూశాకే ఇదంతా మొదలుపెట్టమన్నారు.

కాలింగ్ బెల్‌ని బూచి ఇంకా గెలవలేదు. బెల్ మోగితే మంచం కిందికే, కాకపోతే ఇదివరకు గంట ఉండేది, ఇప్పుడు పది నిమిషాలు. నాలుగు నెలల్లో ఒక మూల పీలికలు పదిహేను దాకా ఊడిపోయాయి. అక్కడ నా పాత టీషర్ట్ చింపి ముడివేశాను. రంగు కలవలేదు, చూడ్డానికి అసహ్యంగా ఉంది. బూచి రోజూ ముందు ముక్కు పెట్టేది ఆ మూలలోనే, అక్కడ గింజలు వేయకపోయినా.