ఏ ముగింపు చూడాలి: ‘ఐరనీ ఆఫ్ ఫేట్’దా, ‘ఆఫీస్ రొమాన్స్’దా?

రెండూ సోవియట్ దర్శకుడు ఎల్దార్ ర్యజానోవ్ తీసిన ప్రేమకథా చిత్రాలే.

పరిచయం: మొదటిదానిలో (1975) నాద్యా, జెన్యాలది ఒక్క రాత్రిది. రెండోదానిలో (1977) డైరెక్టరమ్మ కలూగినాది, ఆమె కింది ఉద్యోగి నొవొసెల్త్సెవ్‌ది ఒకే కార్యాలయంలో ఏళ్ల తరబడి.

సాహసం: నాద్యా పెళ్లాడబోయేవాణ్ణి వదులుకుని, జెన్యా మరిచిపోయిన బ్రీఫ్‌కేసుతో లెనిన్‌గ్రాద్ నుంచి మాస్కో వచ్చేస్తుంది. అందులోంచి ఆవిరిస్నానపు బర్చ్ కొమ్మలు తొంగిచూస్తుంటాయి. జెన్యా తల్లి మాత్రం ‘చూద్దాం’ అంటుంది. ఆ అనుమానమే నాకు నచ్చింది. రెండోదానిలో కలూగినా పణంగా పెట్టేది డైరెక్టరమ్మ హోదానే.

హామీ: రెండోదే గట్టిది. తొమ్మిది నెలలకు నొవొసెల్త్సెవ్ ఇంట ముగ్గురు కొడుకులని తెరమీద రాసి మరీ చెబుతారు. ఇద్దరు ముందే ఉన్నారు లెండి!

ఓపిక: రెండూ రెండేసి భాగాలు. మొదటిది మూడు గంటలు దాటుతుంది.

డిసెంబరు 31 రాత్రికి మొదటిది, దాని కథ జరిగేదీ ఆ రాత్రే. పై అధికారితో చిరాకుపడ్డ రోజైతే రెండోది.